రెండో హలో

మా అత్త గుండె చప్పుడు నేను మొట్టమొదట విన్నది ఆమెకు పాతిక కిలోమీటర్ల దూరంలో కూర్చుని, చేతిలో పెరుగన్నం గిన్నెతో.

మా ప్రయోగశాల విశాఖపట్నంలో. అత్త ఉండేది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ‘నీడపట్టు’లో. ఒంటరిగా ఉండలేని ముసలివాళ్ళు ఇరవై ఇద్దరిని చూసుకునే చోటు అది. ఆ ముందు వారమే అక్కడి గచ్చు కింద గాజు తీగ పరిపించాను. వెంట్రుకంత సన్నం. అందులోకి వెలుగు పంపుతూ ఉంటాం. పైన ఎక్కడ కాస్త ఒత్తిడి పడినా లోపలి వెలుగు తడబడుతుంది. ఆ తడబాటును బట్టి ఎక్కడ ఏది కదిలిందో యంత్రం చెబుతుంది. ఇరవై ఏళ్ళు ఇదే తీగను సముద్రం అడుగున పరిచి భూకంపాల కోసం కాపు కాసినదాన్ని నేను. ముసలివాళ్ళు జారి పడితే ఆ క్షణమే నర్సుకు తెలిసేలా చేయవచ్చు కదా అని ఒకరోజు తట్టింది.

ఆ మధ్యాహ్నం పని చేస్తోందో లేదో చూద్దామని చెవులకు తగిలించుకున్నాను. మొదట సముద్రం వినబడింది. తరువాత రోడ్డు మీద లారీ, వంటింట్లో రుబ్బురోలు, ఎవరిదో చేతికర్ర. ఒక్కొక్క చప్పుడే తీసి పక్కన పెట్టమని యంత్రానికి చెబుతూ పోయాను. అన్నీ తీసేశాక ఏమీ మిగలకూడదు. కాని మిగిలింది. ఆరో నంబరు గది, కిటికీ పక్క మంచం. మంచం కోళ్ళ గుండా గచ్చులోకి, గచ్చు నుంచి తీగలోకి దిగి వస్తున్న గుండె చప్పుడు. అది మా అత్తది.

గిన్నె ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు. ఒకదాని తరువాత ఒకటి ఇరవై రెండూ విన్నాను. ఒకటి తొందరపడుతోంది, ఒకటి మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటోంది, ఒకటి పసిపిల్లదానిలా హాయిగా కొట్టుకుంటోంది. మధ్యాహ్నం నిద్రలో ఉన్న ఇరవై రెండు గుండెలు, వాటి వెనక ఆగని కెరటాలు. భూమి కంపించడం ఎన్నోసార్లు చూశాను గాని నా ఒళ్ళు అలా కంపించడం అదే మొదలు. నాకు పూజలూ పునస్కారాలూ లేవు. అయినా ఆ రోజు చెప్పులు విప్పి బల్ల కిందకు తోసి మళ్ళీ విన్నాను.

నా పేరు వరహాలమ్మ. మా శాఖలో నా పొగరు గురించి కథలు చెప్పుకుంటారు, వాటిలో సగం నిజాలే. ఆ పొగరుతోనే మర్నాడు నీడపట్టుకు వెళ్ళి అత్తకు సంగతంతా చెప్పాను.

అత్త పేరు నూకరత్నం. మా నాన్నకు అక్క. ఎనభై రెండేళ్ళు. అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు, ఊళ్ళ మధ్య ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటరుగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆవిడే. మోకాళ్ళు మొరాయించడం మొదలవగానే, ఎవరూ అడక్కుండానే, ఒక ట్రంకు పెట్టెతో తానే వచ్చి ఇక్కడ చేరింది.

నేను చెప్పిందంతా విని అత్త గచ్చు వంక చూసింది. పాదాలు కొంచెం వెనక్కి లాక్కుంది.

“బాగానే ఉంది గానీ, మీటేదే వరాలూ?”

“ఏ మీట?”

“వినడానికి తీగ పెట్టీసేవు. మరి వినకుండా ఉండడానికి మీటుండాలి కదా. అదెక్కడుంది?”

“అత్తా, ఇది నీ పాత ఎక్స్ఛేంజీ కాదు. నువ్వు పడిపోతే కాపాడ్డానికి పెట్టింది.”

“కాపాడతామని చెప్పీసి పక్కింటోళ్ళు గోడకి చెవి ఆనించుకుని కూర్చుంటే ఒప్పుకుంటావేటి? సరే, దీనికి సంతకం ఎవరు పెట్టేరు?”

“అందరివీ వాళ్ళ పిల్లలు పెట్టారు. నీది నేను పెట్టాను.”

“నాకు చెయ్యి పడిపోలేదు కదే,” అంది అత్త. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మొదటి నెల తీగ ఇద్దరిని బతికించింది. స్నానాల గదిలో పడిన ఒకావిడ దగ్గరకు నిమిషంలో మనిషి చేరింది. రేవులో క్రేను నడిపి రిటైరైన జోగారావు గారు వరండాలో తూలబోతుంటే, ఆయన తూలకముందే హెడ్ నర్సు ఎస్తేరు వచ్చి పట్టుకుంది. నడకలో తేడాను తీగ ముందే పసిగట్టింది మరి. ఎస్తేరు నా చేతులు పట్టుకుని, “మేడమ్, ఇరవై ఏళ్ళ సర్వీసులో నిశ్చింతగా టీ తాగింది ఈ నెల్లోనేనండి,” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నేను పొంగిపోయాను.

తరువాత కుటుంబాల వాళ్ళు అడిగారు. మా అమ్మ ఎలా ఉందో మా ఫోన్‌లో మాకూ కనబడితే బాగుంటుంది కదా అన్నారు. ఇచ్చాను, అడిగిందే తడవుగా ఇచ్చాను. ఎన్ని అడుగులు నడిచింది, ఎన్ని గంటలు పడుకుంది, ఎప్పుడు గుండె వేగం పెరిగింది, అన్నీ రంగురంగుల గీతల్లో. ప్రేమ ఉన్నవాళ్ళే చూశారు. అందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు.

మూడో నెల నీడపట్టులో ఒక్కరూ పడలేదు. నాలుగో నెలా అంతే. మా డైరెక్టరు గారు మిఠాయిలు పంచారు. రాజధాని నుంచి ఫోన్లు వచ్చాయి, రాష్ట్రంలో ఇలాంటి చోట్లన్నిటికీ ఈ తీగ వేద్దామని. దానికోసం అక్కడ పెట్టిన సభలో మాట్లాడటానికి నేను కొత్త చీర కొనుక్కున్నాను.

సభకు వారం ముందు గుండెలు ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది. సోమవారం ఇరవై రెండు. బుధవారానికి పధ్నాలుగు. శుక్రవారం తొమ్మిది. మనుషులు క్షేమంగానే ఉన్నారని ఎస్తేరు చెబుతోంది. తీగ చెడిందనుకుని పనిముట్ల సంచీతో పరిగెత్తాను.

తీగకు ఏమీ కాలేదు. ఆరో నంబరు గదిలో వంగి చూస్తే అత్త మంచం నాలుగు కోళ్ళ కిందా హవాయి చెప్పులు కోసిన ముక్కలు ఉన్నాయి. ఒక్కో కోడు కింద రెండేసి, పైన గుడ్డ చుట్టి దారంతో కట్టి మరీ. సగానికి పైగా గదుల్లో అంతే. కుర్చీల కింద కూడా. రబ్బరు దాటి చప్పుడు కిందకు దిగదని టెలిఫోన్ పనిలో ముప్ఫై ఏళ్ళున్న మనిషికి నేను చెప్పాలా?

చెప్పు ముక్కలు సరే. నన్ను నిలబెట్టేసింది ఇంకొకటి. ఆ ఉదయం పదిన్నరకు, ఎండ వరండాలోకి చక్కగా వాలి ఉన్న వేళ, అందరూ మంచాల మీదే ఉన్నారు. కాళ్ళు పైకి ముడుచుకుని. ఒక్క పాదం గచ్చుకు తగలడం లేదు.

డ్రాయింగ్ టీచరుగా చేసిన మాణిక్యాంబ గారి మంచం దగ్గర కూర్చున్నాను. “టీచరు గారూ, నడవడం మానేశారా?”

ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. “మా పెద్దాడు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడమ్మా హైదరాబాదు నుంచి. మంచోడే. అమ్మా, ఇవాళ బాత్రూముకి ఏడుసార్లు వెళ్ళేవేమిటీ అంటాడు. పక్క గదిలో రెండు గంటలేం చేసేవంటాడు. మూడింటికి నీ గుండె ఎందుకు కొట్టుకుందీ, ఏడిచేవా అంటాడు.” దుప్పటి అంచు వదిలేసి, “ఏడిచేనమ్మా. మా ఆయన పోయిన వేళది. యాభై ఏళ్ళు నేనొక్కద్దాన్నే ఏడుచుకున్నాను,” అంది.

ఎస్తేరు ఆవిడ కాలి మీది చీర కొంచెం జరిపి చూపించింది. పిక్కలు చిక్కి ఎముకకు అంటుకుపోయాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే లేచి నిలబడలేదట. ఒక్కరూ పడలేదని మేము మిఠాయిలు పంచుకున్నది ఇందుకు. నడిచేవాళ్ళు ఉంటే కదా పడటానికి.

సిగ్గుగా ఉంది. అయినా మొండితనం పోలేదు. తీగ ఇద్దరిని బతికించిన మాట నిజం కదా. అత్త ఇంతకు తెగించాల్సిన అవసరం ఏమిటో తేల్చుకోవాలని ప్రయోగశాలకు వచ్చి, చెప్పులు పెట్టకముందు దాచి ఉన్న ఆమె రోజులన్నీ బయటికి తీశాను. కుటుంబ సభ్యురాలిని, సంతకం పెట్టినదాన్ని, చూడవచ్చునని నాకు నేనే చెప్పుకున్నాను.

మొదటి రెండు నెలలూ, రోజూ నాలుగు నుంచి అయిదు దాకా వరండాలో రెండు జతల అడుగులు. ఒకటి అత్తది. ఇంకొకటి, ఎడమ కాలు కొంచెం ఈడ్చేది, జోగారావు గారిది. పక్కపక్కనే పోతాయి, చివర బల్ల దగ్గర ఆగుతాయి. అక్కడ అత్త గుండె మెల్లగా నెమ్మదిస్తుంది. రోజంతటిలో మరెక్కడా అంత నెమ్మది లేదు. ఆ నెమ్మదిలో శబ్దం పెంచి విన్నాను. గుండె ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సన్నటి చీలిక లాంటి చప్పుడొకటి ఉంది. వారం వారానికీ అది పెరుగుతూ వచ్చింది.

ఏ డాక్టరూ చెవి ఆనించి అంత స్పష్టంగా విని ఉండడు. పాతిక కిలోమీటర్ల అవతల, ఒక మనిషి ఛాతీలో వేలెడంత కవాటం సరిగా మూసుకోకపోవడాన్ని, నేల, గాజు, వెలుగు కలిసి నా చెవిదాకా తెచ్చాయి. ఇంత గొప్ప విద్య నా చేతుల్లో ఉందని అబ్బురపడాలో, వినబడినదానికి ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. వెంటనే కారు తీశాను.

అత్త కిటికీ పక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని బత్తాయి ఒలుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నోరు తెరిచాను. ఆమె నా మొహం చూసి చెయ్యి పైకెత్తింది.

“చెప్పకు.”

“అత్తా, నీకు...”

“చెప్పకన్నానా? అది నా మాట. నేను చెప్పాల్సింది. డాక్టరు నాకు చెప్పి రెండు నెలలైంది. నీకెప్పుడు చెప్పాలో, ఎలాగ చెప్పాలో నేను చూసుకుంటున్నాను. మధ్యలో నువ్వెవరివే?”

నేను మంచం చివర కూర్చున్నాను. అత్త బత్తాయి తొన ఒకటి నా చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పింది, నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

“ఎక్స్ఛేంజీలో మాకో కట్టుబాటుండేది. ట్రంక్ కాల్ కలుపుతాం. ఇటు మనిషి హలో అంటాడు. అది వినాలి, లైను సరిగ్గా పడిందో లేదో తెలియాలి కదా. అటు మనిషి హలో అంటాడు. అదీ వినాలి. ఆ రెండో హలో వినగానే మీట వెనక్కి లాగీడమే. ఆ తరవాత చెవి మనది కాదు. బెల్లం మండీ వాళ్ళ ధరలు, పెళ్ళి మాటలు, చావు కబుర్లు, అన్నీ నా చేతి మీంచే వెళ్ళేయి. ఒక్కటీ వినలేదు నేను. ఒక్కసారి తప్ప.”

ఆమె కిటికీ బయటికి చూసింది.

“మీ నాన్న పనిచేసే స్కూలుకి విశాఖపట్నం ఆస్పత్రి నుంచి కాల్ వచ్చింది. డాక్టరు హలో అన్నాడు. మా తమ్ముడు హలో అన్నాడు. నా చెయ్యి మీట మీదే ఉంది. లాగలేకపోయేను. అంతా విన్నాను, వాడిది నయమయ్యే జబ్బు కాదని. నీ పదో తరగతి పరీక్షలు నలభై రోజుల్లో ఉన్నాయని, అవి అయ్యేదాకా ఇంట్లో చెప్పనని, ఆ నలభై రోజులూ మామూలుగా ఉంటానని డాక్టరుతో అన్నాడు వాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేను. అరుగు మీద నీకు లెక్కలు చెప్తున్నాడు. నా మొహం చూసేడు. మీ అమ్మ కూడా చూసింది. ఇంకేటి మిగిలింది?”

నాకు ఆ సాయంత్రం గుర్తుంది. అమ్మ ఎందుకు అలా ఒక్కసారి కూలబడిందో, నాన్న లెక్కల పుస్తకం ఎందుకు మూసేశాడో మాత్రం నాకు అప్పటిదాకా తెలియదు.

“వాడికి కావాల్సింది ఆ నలభై రోజులే. నేను లాగీసుకున్నాను. ప్రేమతోనే విన్నానే వరాలూ. ప్రేమ లేకపోతే వినేదాన్నే కాదు,” అంది అత్త.

నేను ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. ఆ పాదాలు మంచం మీద ఉన్నాయి, నా గచ్చుకు అందకుండా.

సభకు వెళ్ళలేదు. దాచిన రోజులన్నీ చెరిపేశాను, అత్తవి అందరికంటే ముందు. డైరెక్టరు గారు కోపంతో ఎర్రబడిపోయారు. ఇంత విలువైన సమాచారం ప్రపంచంలో ఎక్కడా లేదన్నారు. లేదు నిజమే. కుటుంబాల ఫోన్లలో గీతలు ఆగిపోయాయి. ఇద్దరు కొడుకులు లాయరు నోటీసులు పంపారు.

ఇక అడగాల్సినవాళ్ళను అడిగాను. భోజనాల గదిలో ఇరవై ఇద్దరినీ కూర్చోబెట్టి, తీగ ఉంచమంటారా తీసేయమంటారా అన్నాను. ఎవరూ తీసేయమనలేదు. జోగారావు గారు చేతికర్ర పైకెత్తి, “మాకు పడిపోవాలని సరదా ఏటమ్మా? ఉంచండి. మీట మా చేతికివ్వండి, సరిపోద్ది,” అన్నారు.

పూర్ణా మార్కెట్ దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్లు నాలుగు రోజులు తిరిగాను. ఒక కొట్లో గోనెసంచీ కింద పాత ఎక్స్ఛేంజీ బల్ల తాలూకు మీటలు దొరికాయి. ఇత్తడివి, నల్లటి పిడితో. ఇరవై రెండు ఏరి తుడిచి, ప్రతి మంచం పక్కనా ఒకటి బిగించాను. ముందుకు తోస్తే తీగ వింటుంది, పడితే మాత్రమే ఎస్తేరుకు చెబుతుంది, ఏమీ దాచుకోదు. వెనక్కి లాగితే ఆ మనిషి నడకకు, గుండెకు తీగ చెవిటిది. ఆ మనిషి ఎక్కడ తిరిగినా అంతే.

అత్త తన మీట మీద చెయ్యి వేసింది. వేళ్ళు వాటంతట అవే సరైన చోట కూర్చున్నాయి. వెనక్కి లాగింది. టక్కుమని చప్పుడు. చెప్పు ముక్కలు తీసేయమని ఆయా ఎర్రమ్మతో చెప్పి, రెండు పాదాలూ గచ్చు మీద ఆనించింది. చల్లగా ఉన్నట్టుంది, వేళ్ళు ముడిచి మళ్ళీ చాచింది. తరువాత లేచి, గోడ పట్టుకుని, వరండాలోకి నడిచి వెళ్ళిపోయింది.

మళ్ళీ అందరూ నడిచారు. కాళ్ళకు కండ పట్టింది. నలభై ఆరో రోజు మాణిక్యాంబ గారు పడిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి, మీట వెనక్కి లాగి ఉన్నప్పుడు. తలుపు వేసి ఉంది. అరగంట దాకా ఎవరికీ తెలియలేదు. తుంటి ఎముక విరిగింది. ఆమె పెద్దకొడుకు ఆస్పత్రి వరండాలో నా మొహం మీదే అరిచాడు. “మీ యంత్రం చూస్తూ ఉంటే మా అమ్మకు ఇలా అయ్యేదా?” అయ్యేది కాదు. అదే మాట అతనితో అన్నాను. ఆ క్షణాన స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే అన్ని మీటలూ పీకి పారేసేదాన్ని.

ఆవిడకు మెలకువ వచ్చాక మేమిద్దరం లోపలికి వెళ్ళాం. కొడుకు ఆవిడ చెయ్యి పట్టుకుని, “మీట తీయించేస్తున్నానమ్మా,” అన్నాడు.

“తియ్యకురా,” అంది ఆవిడ. గొంతు సన్నగా ఉంది గాని క్లాసులో చెప్పినట్టే చెప్పింది. “అరగంట నొప్పి పడ్డాను. ఒప్పుకుంటాను. దానికి ముందు రెండు మూడు నెలలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను చూడు, అది నువ్వు లెక్కెయ్యలేదు. మూడింటికి ఏడుస్తానని నీకు చెప్పాలనుంటే నేనే చెప్తాను. కూర్చో, ఇప్పుడు చెప్తాను.”

కొడుకు కూర్చున్నాడు. నేను బయటికి వచ్చి తలుపు వేశాను.

ఇప్పుడు ప్రయోగశాలలో నా బల్ల ఎదుట ఇరవై రెండు చిన్న దీపాలున్నాయి. తీగ వింటుంటే వెలుగుతాయి, మీట లాగితే ఆరిపోతాయి. మధ్యాహ్నాలు ఒక్కోటీ ఆరుతూ ఉంటాయి. మొదట్లో ఆ చీకటి చూస్తే భయం వేసేది. ఇప్పుడు ఇరవై రెండు గుండెలు మొదటిసారి విన్న రోజు కలిగిన ఆశ్చర్యమే, అంతే పెద్దది, ఆ ఆరిపోయిన దీపాల ముందు కలుగుతోంది. నాలుగు గంటలకు ఆరో నంబరు ఆరిపోతుంది, వెంటనే పదకొండోది, జోగారావు గారిది. వరండా చివర బల్ల మీద ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

అత్త గుండె గురించి నేను అడగలేదు. వారానికి రెండుసార్లు వెళ్ళాను. బత్తాయిలు తీసుకువెళ్ళాను. మోకాళ్ళ గురించి, కూరల్లో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం. నాకు తెలిసినది నా మొహంలో బయటపడకుండా చూసుకోవడం నేర్చుకున్నాను. అత్త ఒక్కోసారి నన్ను పరీక్షగా చూసేది. అప్పుడు ఉప్పు గురించి ఇంకొంచెం మాట్లాడేదాన్ని.

నలభై రోజులు కాదు, మూడు నెలలు అలా గడిచాయి. ఒక గురువారం ఉదయం తొమ్మిదింటికి, అప్పుడే బల్ల ముందు కూర్చున్నాను, ఆరో నంబరు దీపం ఆరిపోయింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ ఆరదు. లేవబోయాను. అంతలో ఫోన్ మోగింది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

“హలో,” అంది అత్త. ఎక్స్ఛేంజీలో అన్నట్టు, స్పష్టంగా, కొంచెం సాగదీసి. “వరాలూ, నీతో ఒక మాట చెప్పాలే. తీరిగ్గా ఉన్నావా?”

ఆమె ఏం చెప్పబోతోందో నాకు తెలుసనుకున్నాను. ఆమె చెప్పిన తరువాత, నాకు తెలిసింది అందులో ఎంత కొంచెమో అర్థమైంది. మేము గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మధ్యలో ఇద్దరం ఏడ్చాం, ఒకసారి పగలబడి నవ్వాం కూడా. ఆ మాటలు ఇక్కడ రాయను. మీరు విన్నది అత్త అన్న హలో. నేను కుర్చీలో సర్దుకుని, ఊపిరి తీసుకుని, నా హలో చెప్పాను. అది రెండోది.